గూటీ కాదమ్మా, గుత్తి: యలహంకలో ఐదు రోజులు

మొదటి రోజు

వినాయక చవితి అయిన నాలుగో రోజు బయల్దేరాను. గుత్తిలో పొద్దున్నే రైలెక్కితే భోజనాల వేళకు యలహంకలో దింపింది. అనంతపురం, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం, గౌరిబిదనూరు... రైల్వేలో 34 ఏళ్లు చేసి రిటైరైనవాడికి ఈ స్టేషన్లు మా వీధిలో ఇళ్ల లాంటివి. దారి గురించి రాయడానికి ఏమీ లేదు.

వెళ్లింది అక్కావాళ్లింటికి. వాళ్లబ్బాయి కిరణ్ టూసాన్ నుంచి సెలవు మీద వచ్చాడు. టూసాన్ అంటే అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో ఊరు, చుట్టూ సొనోరా ఎడారి. వాడు ఇంతకుముందు ఇండియాకు వచ్చి ఐదేళ్లయింది. అప్పుడు వాడి కూతురు మేఘనను భుజాల మీద ఎక్కించుకుని తిరిగాను. ఇప్పుడు పదేళ్ల పిల్ల. కాళ్లు కడుక్కోనివ్వకుండా గేటు దగ్గరే పట్టుకుంది.

"తాతా, నువ్వు గూటీ నుంచి వచ్చావా?"

"గూటీ కాదమ్మా, గుత్తి."

"అదే. గూటీ సఫైర్ ఊరు!"

నాకు అర్థం కాలేదు. మా ఊళ్లో కోట ఉంది, జంక్షన్ ఉంది, డీజిల్ షెడ్ ఉంది. నీలాలు ఎక్కడివి? పిల్ల ఫోన్ తెచ్చి నా కళ్లజోడు ముందు పెట్టింది. నెమలి మెడ రంగులో ఒక సాలీడు. కాళ్ల మీద మధ్యమధ్య పసుపు మచ్చలు, వీపు మీద తెల్లటి ఆకు లాంటి గీత. మొదట ప్లాస్టిక్ బొమ్మ అనుకున్నాను.

సంగతేమిటంటే, 1899లో పోకాక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఈ టరాంటులాకు, అంటే ఈ పెద్ద బొచ్చు సాలీడుకు, పోసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. ఆయన దగ్గరికి చేరిన నమూనా గుత్తిలో దొరికింది. అది కూడా రైల్వే యార్డులో, కలప దుంగల్లో! కానీ గుత్తి చుట్టుపక్కల అది ఉండే అడవే లేదు. నల్లమల నుంచి కలపతో పాటు రైలెక్కి వచ్చి ఉంటుందంటారు. మళ్లీ 2001 దాకా దాన్ని అడవిలో చూసిన శాస్త్రవేత్త లేడు. చూసింది నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో. ఆ లైన్లో గాజులపల్లి, చలమ, దిగువమెట్ట స్టేషన్ల మీదుగా నేను ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. బోగద సొరంగం వచ్చినప్పుడల్లా కిటికీ దించుకోవడమే తప్ప బయట చెట్ల తొర్రల్లో ఏముందో ఎప్పుడూ ఆలోచించలేదు. ప్రపంచం మొత్తమ్మీద 100 చదరపు కిలోమీటర్లు కూడా లేని ఆ ముక్కలోనే అది బతుకుతోందని చాలాకాలం అనుకున్నారంట. మా ఊరి పేరు పెట్టుకున్న జీవి గురించి అరిజోనా పిల్ల చెబితే గాని నాకు తెలియలేదు. సిగ్గేసింది. దాన్ని దాచుకోవడానికి "ముందు అన్నం తిననీ" అన్నాను.

రాత్రి తొమ్మిదింటికి బాత్రూమ్‌లోంచి బావ కేక. వెళ్లి చూస్తే గీజర్ పక్కన గోడ మీద అరచెయ్యంత సాలీడు. "టరాంటులా, టరాంటులా" అని బావ తువ్వాలు పట్టుకుని వణుకుతున్నాడు. మధ్యాహ్నమే ఆ పదం విన్నాడు, రాత్రికే వాడేశాడు. నేను అలవాటు ప్రకారం చెప్పు తీశాను. షెడ్‌లో ఇలాంటివాటిని ఎన్నింటినో కొట్టాను, అబద్ధం ఎందుకు.

"చెప్పు కింద పెట్టు తాతా. అది టరాంటులా కాదు."

మేఘన నన్ను పక్కకు జరిపి టార్చ్ వేసింది. ఒళ్లు రేకులా పలచగా ఉంది. కాళ్లు పీతకు మల్లే పక్కలకు చాపుకుంది. ముఖం మీద, కళ్ల కిందుగా, మీగడ రంగు పట్టీ అడ్డంగా ఉంది. పొట్ట కింద తెల్లటి బిళ్ల ఒకటి పట్టుకుని ఉంది, గుడ్ల సంచి. హంట్స్‌మన్ అంటారంట. బల్లి మాదిరి ఇంట్లో తిరిగి బొద్దింకల్ని తింటుంది. గూడు కట్టదు.

"మరి టరాంటులా అని ఎట్లా తెలుస్తుంది?" అన్నాను.

పిల్ల రెండు పిడికిళ్లు పక్కపక్కన పెట్టి చూపుడువేళ్లు రెండూ కిందికి వంచింది. "దాని కోరలు ఇలా ఉంటాయి. గునపాల్లాగా పైనుంచి కిందికి దిగుతాయి." తర్వాత అవే వేళ్లు ఎదురెదురుగా పెట్టి గిల్లినట్టు కదిపింది. "మామూలు సాలీడుకి ఇలా. పటకారులాగా." "గునపం", "పటకారు" దాని మాటలు కావు, కిరణ్ వెనక నుంచి అందించాడు. వేళ్లు మాత్రం దానివే.

అక్క గుమ్మంలోంచి అంతా విని తేల్చేసింది. "బొద్దింకల్ని తింటాదా? అయితే ఉండనీ. నెలనెలా డబ్బు తీసుకుని మందు కొట్టిపోయేవాని కన్నా నయమే." బావ మాత్రం ఆ రాత్రి పైఅంతస్తు బాత్రూమ్ వాడుకున్నాడు.

రెండో రోజు

పొద్దున్నుంచి వాన. ఎక్కడికీ కదల్లేదు. ఇంట్లో కూచుని కూడా యాత్ర ఎట్లా అవుతుందంటే, నాకు ఆ రోజే ఎడారి కనిపించింది. కిరణ్ లాప్‌టాప్‌లో.

వాళ్లింటి చుట్టూ నిలువెత్తు కాక్టస్ చెట్లు, ఎర్రమట్టి, గులకరాళ్లు. మా పామిడి దాటాక కనపడే బీళ్లలో చెట్టుకు బదులు ముళ్ల స్తంభాలు నాటితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. జూలై, ఆగస్టు, సెప్టెంబరుల్లో అక్కడా వానలు పడతాయి. వాళ్లూ మాన్సూన్ అనే అంటారంట. తొలి వానలు పడ్డాక సాయంత్రాల్లో టరాంటులాలు రోడ్లు దాటుతుంటాయి. కార్లో పోతూ పోతూ బండి ఆపి ఫోటోలు తీయడం కిరణ్‌కు అలవాటైంది. కూతురు పట్టించిన అలవాటు.

మేఘన నాకు పరీక్ష పెట్టింది. పన్నెండు ఫోటోలు. "ఇవి ఎన్ని రకాలో చెప్పు తాతా."

నేను రంగుల్ని బట్టి విడగొట్టాను. వేయించిన గోధుమరవ్వ రంగువి ఒక కుప్ప. నల్లటి కాళ్లు, ఎర్రటి పొట్ట ఉన్నవి ఒక కుప్ప. మొత్తం నల్లగా ఉన్నవి ఒకటి. ముదురు గోధుమరంగు చిన్నవి ఇంకొకటి. "నాలుగు" అన్నాను ధైర్యంగా.

పిల్ల పడీపడీ నవ్వింది. నా మొదటి కుప్ప, రెండో కుప్ప రెండూ ఒకటే జాతి. మొదటిది ఆడది, రెండోది మగది. పైగా నా ఆడకుప్పలో ఒకటి ఇంకా పెద్దవాడు కాని మగ పిల్లాడు.

ఆ జాతి పేరు అఫోనోపెల్మా చాల్కోడెస్. 1940లో చాంబర్లిన్ అనే శాస్త్రవేత్త పెట్టాడు. రాగిని చెప్పే గ్రీకు మాట లోంచి వచ్చిందా పేరు. జనం అరిజోనా బ్లాండ్ అంటారు, పశ్చిమ ఎడారి టరాంటులా అని కూడా అంటారు. ఆడది బొద్దుగా ఉంటుంది. వీపు పెంకు, కాళ్లు లేత రంగు, పొట్ట మాత్రం ముదురు గోధుమరంగు. పట్టు దారాలతో అంచు కట్టుకున్న బొక్కలో కూచుని, దారిన పోయే పురుగు కోసం కాపు కాస్తుంది. బతుకంతా దాదాపు ఆ బొక్కే, 20 ఏళ్లు దాటి బతుకుతుంది. మగది పెద్దయ్యే దాకా ఆడదానిలాగే కనిపిస్తుంది. ఆఖరుసారి కుబుసం విడిచిన రోజు వేషం మార్చేస్తుంది. కాళ్లు నల్లగా, పొడుగ్గా అయిపోతాయి. వీపు రాగి రంగు తేలుతుంది. పొట్ట మీద ఎర్రటి వెంట్రుకలు. ఒళ్లు చిక్కిపోయి, సంబంధాల కోసం ఊళ్లు పట్టి తిరిగినవాడిలా ఉంటుంది. నిజానికి అదే పని మీద తిరుగుతుంది. వానాకాలంలో రోడ్డు మీద కనపడేది ఇదే. ఆడది రోడ్డెక్కడం అరుదు.

"అయితే రంగు చూడకూడదా?" అన్నాను.

"చూడొచ్చు. కానీ ముందు ఆడా మగా తేల్చుకోవాలి." ఒక ఫోటోను పెద్దది చేసి చూపించింది. మొదటి జత కాళ్ల లోపలి వైపు చిన్న కొక్కేలున్నాయి. జతకట్టేటప్పుడు ఆడదాని కోరల్ని ఆ కొక్కేలతో పట్టి ఆపుతుందంట. ప్రాణం మీది పని కదా. ముఖం దగ్గరుండే పొట్టి కాళ్ల లాంటి వాటి కొసలు బాక్సింగ్ గ్లవ్స్ వేసుకున్నట్టు ఉబ్బి ఉన్నాయి. కొక్కెం, గ్లవ్ కనపడితే అది పెళ్లీడుకొచ్చిన మగది. లేకపోతే ఆడదైనా కావచ్చు, కుర్రాడైనా కావచ్చు.

ఇక నా మూడో కుప్ప, నాలుగో కుప్ప. టూసాన్ చుట్టుపక్కలే వోర్‌హీసీ అని ఇంకో జాతి ఉంది, దీనికన్నా చిన్నది, ముదురు రంగు. దాని మగవాటినీ దీని మగవాటినీ ఫోటోలో చూసి తికమకపడేవాళ్లు చాలామంది. ఉత్తరాన ఎత్తు ప్రాంతాల్లో నల్లటిది మార్క్సీ అని వేరే. పలోమా అని ఒక బుల్లిది ఉంది, కాళ్లు చాపినా పిల్ల గుప్పిట్లో పట్టేస్తుంది. కిరణ్ తీసిన ఒక ఫోటోను మేఘన లెక్కలోకే తీసుకోలేదు. "పక్కన స్కేలు లేదు, ఎక్కడ తీశాడో రాయలేదు. ఎంత పెద్దదో ఎలా తెలుస్తుంది?" అంది. వాడు నావైపు చూసి, "ఆఫీసులో కూడా నన్నింత తిట్టరు మామా" అన్నాడు.

పిల్ల కోపంలో న్యాయముంది. పాతకాలం శాస్త్రవేత్తలు కూడా నాలాగే కుప్పలు పోశారంట. ఒక మగదాన్ని చూసి ఒక పేరు, కాస్త రంగు తేడాగా ఉన్న ఆడదాన్ని చూసి ఇంకో పేరు. అట్లా అమెరికాలో పేర్లు 50 దాటిపోయాయి. హామిల్టన్, హెండ్రిక్సన్, బాండ్ అని ముగ్గురు పదేళ్లపాటు ఎడారులు తిరిగి, దాదాపు 3,000 నమూనాల్ని కొలిచి, డీఎన్ఏ కూడా చూసి 2016లో లెక్క తేల్చారు. ఉన్నవి 29. అందులో 14 అప్పటిదాకా పేరే లేనివి! అంటే పేర్లు ఎక్కువైన చోటే పేరు లేనివి కూడా దాక్కుని ఉన్నాయన్నమాట. కొత్తవాటిలో ఒకటి కాలిఫోర్నియాలో ఫాల్సమ్ జైలు దగ్గర దొరికింది, మగది ఒళ్లంతా నలుపు. ఎప్పుడూ నల్లబట్టలే వేసుకుని పాడిన జానీ క్యాష్ పేరు దానికి పెట్టారు. మనవాళ్లు ఏ పాటగాడి పేరైనా ఒక సాలీడుకు పెడితే అభిమానులు ఊరుకుంటారా అని నాకు డౌటు.

మధ్యాహ్నం బజ్జీలు తింటూ కిరణ్ తన సొంత కథ చెప్పాడు. మొదటి ఏడాది ఒక ఆడదాన్ని దగ్గరగా చూద్దామని నేల మీద బోర్లా పడుకుని ముఖం పెట్టాడంట. అది కరవలేదు. వెనక్కి తిరిగి వెనక కాళ్లతో పొట్ట మీద గబగబా గీకింది. అంతే, ముక్కూ కళ్లూ రెండు రోజులు దురద. పొట్ట మీది సన్నటి వెంట్రుకలకు ముళ్లుంటాయి, వాటిని గాల్లోకి విసురుతుంది. మన దూలగొండి ఎట్లాగో అట్లా. తరచూ విసిరేదానికి పొట్ట మీద బట్టతల మచ్చ పడుతుంది. అది చూసి వేరే జాతి అనుకునేవాళ్లు కూడా ఉన్నారంట. ఈ వెంట్రుకల విద్య అమెరికా ఖండాల టరాంటులాలకే. మన దేశం వాటికి లేదు. మా గుత్తి నీలం దానికీ లేదు. అందుకే ఇవి పారిపోతాయి, లేదా కరుస్తాయి. పోసిలోథీరియా కరిస్తే మనిషి చచ్చిపోడు గాని కండరాలు పట్టేసి రోజుల తరబడి బాధ పడతాడు.

ఒక మాట మాత్రం ఆ రోజంతా నా తలలో తిరిగింది. రోడ్డు దాటే మగదాని ఫోటో చూపిస్తూ "దీని వయసు ఎంతుంటుంది?" అని అడిగితే మేఘన మామూలుగా చెప్పింది. "ఎనిమిది నుంచి పదేళ్లు. నా అంత. ఇంక కొన్ని నెలలే బతుకుతుంది." చెప్పి ఇంకో బజ్జీ తీసుకుంది.

మూడో రోజు

వాన తెరిపిచ్చింది, లాల్‌బాగ్ వెళ్దామన్నారు. యలహంక నుంచి లాల్‌బాగ్ చేరేసరికి నాకు గుత్తి నుంచి యలహంక దగ్గరనిపించింది. ఇద్దరు క్యాబ్‌వాళ్లు క్యాన్సిల్ చేశారు. మూడోవాడు వచ్చి హెబ్బాళ ఫ్లైఓవర్ మీద మాతో పాటు నిట్టూర్చాడు.

గాజు భవనం, గుట్ట మీద కెంపేగౌడ గోపురం అందరికీ తెలిసినవే. ఆ గుట్ట రాయి వయసు 300 కోట్ల ఏళ్లంటారు. పిల్లకు అవేవీ పట్టలేదు. పచ్చిక మీద మోకాళ్లు వేసి కూచుంది. రాత్రి వానకు గడ్డి మీద పరిచిన సాలెగూళ్లన్నీ తెల్లగా తేలాయి. చేతి రుమాలు ఆరేసినట్టున్న ప్రతి గూటికీ ఒక మూల గరాటు లాంటి సొరంగం. గడ్డిపోచతో తాకితే గోధుమరంగు సాలీడు ఒకటి మెరుపులా వచ్చి అంతే వేగంగా లోపలికి పోయింది.

"బొక్కలో ఉంది కదా, టరాంటులానా?" అన్నాను, తెలివిగా.

కాదు. తోడేలు సాలీళ్ల కుటుంబం, హిప్పాసా. తమాషా ఏమిటంటే టరాంటులా అనే పేరు మొదట్లో ఈ కుటుంబానిదే. ఇటలీలో టరాంటో అనే ఊరి దగ్గరుండే తోడేలు సాలీడును అట్లా పిలిచేవాళ్లు. తర్వాత ఓడల్లో అమెరికా పోయినవాళ్లు అక్కడి బొచ్చు సాలీళ్లను చూసి అదే పేరు తగిలించారు. అసలు యజమాని పేరు పోగొట్టుకుంది. ఊరి పేర్ల మీద సాలీళ్లకు ఇంత ప్రేమేమిటో.

తోటమాలి ఒకాయన మమ్మల్ని చూసి, "జేడానా?" అని నవ్వి పోయాడు. కన్నడంలో సాలీడును జేడ అంటారు. ఆ రోజుకు అంతే. తిరుగుదారిలో నిద్రపోయాను.

నాలుగో రోజు

బావతో పాటు పనిచేసిన ఒకాయనకు నంది కొండల కింద, చిక్కబళ్లాపురం వైపు, ద్రాక్షతోట ఉంది. సాయంత్రం చేరాం. అటువైపు పల్లెల్లో తెలుగు బాగా వినపడుతుంది. తోట చూసుకునే పెద్దాయన మాట మా అనంతపురం మాటకు దగ్గర చుట్టం. ద్రాక్ష పేరు బెంగళూరు బ్లూ. చూడ్డానికి నలుపు, నలిపితే ఊదా. మేఘన అడిగింది, "బ్లూ ఎందుకంటారు?" ఎవరి దగ్గరా జవాబు లేదు. గుత్తి సాలీడు నీలం మాత్రం రంగు వల్ల వచ్చింది కాదు, వెంట్రుకల మీది సన్నటి నిర్మాణం వెలుగును అట్లా తిప్పికొడుతుంది, నెమలి ఈకలాగా. నలిపితే ఆ నీలం మిగలదు. ఇది పిల్ల చెబుతుంటే పెద్దాయన నోరు తెరిచి విన్నాడు.

"బొచ్చు సాలీడు మా తోటలో ఉండాది. చూపిస్తా రాండి" అన్నాడు.

తోట వెనక నీళ్ల కాలువకు గట్టు ఉంది, మనిషి నడుమెత్తు ఎర్రమట్టి కోత. దాని నిండా బొక్కలే. నేనైతే అన్నీ ఎలుకలవనుకుని వచ్చేసేవాణ్ణి. పెద్దాయన చేతికర్రతో ఒక్కోటీ చూపిస్తూ పోయాడు. ఈ పదినిమిషాల కోసం బెంగళూరు రావచ్చు.

"ఇది ఎలక. సూడు, తవ్విన మన్ను బయట పోసుంది. ఇది ఎండ్రకాయ, తడిమన్ను గోలీలు గోలీలుగా పెట్టింది. ఇదిగో, ఇది మండ్రగబ్బ." ఆ బొక్క మూతి గుండ్రంగా లేదు. అడ్డంగా, నెలవంకను బోర్లించినట్టుంది. తేలు తన ఒంటి వాటానికి తవ్వుకుంటుంది మరి, ముందరి పటకారు చేతుల వెడల్పు అంత, ఎత్తు తక్కువ. "చెయ్యి పెట్టాకు సామీ" అన్నాడు నాతో. పెట్టే ఉద్దేశం నాకు అసలు లేదు.

ఇంకో నాలుగడుగులు వేసి కర్ర ఆపాడు. పెద్ద రూపాయి బిళ్లంత బొక్క. గుండ్రంగా, గీసినట్టు. చుట్టూ పోసిన మన్ను లేదు. అంచుకు తెల్లటి పలచని పొర, పాలు కాచిన గిన్నె అంచున ఎండిన మీగడలాగా. దాంట్లోంచి రెండు మూడు దారాలు గట్టు మీదికి పాకాయి. మేఘన ఊపిరి బిగపట్టింది. "పట్టు, తాతా."

మసక పడేదాకా కూచున్నాం. దోమలు. బావ కార్లోకి పోయి అద్దాలెత్తుకున్నాడు. చీకటి పడ్డాక టార్చ్‌ను కంటి పక్కన పెట్టుకుని గడ్డి మీదికి వేస్తే పచ్చటి నక్షత్రాలు మినుకుమినుకుమన్నాయి. మంచుబిందువులనుకున్నాను, ఒకటి కదిలింది. తోడేలు సాలీళ్ల కళ్లు, పిల్లి కళ్లలాగా మెరుస్తాయి. టరాంటులా కళ్లు అట్లా మెరవవు. ఎనిమిదీ వీపు పెంకు ముందు భాగాన చిన్న గుబ్బ మీద గుంపుగా ఉంటాయి, వాటితో అది పెద్దగా చూడదు కూడా. నేల అదురును బట్టి బతుకుతుంది. అందుకే మేఘన మమ్మల్ని కాళ్లు కదపనివ్వలేదు. నాకు తిమ్మిరెక్కి ప్రాణం పోతోంది.

ఎనిమిది దాటాక బొక్క మూతిలో రెండు కొసలు కనపడ్డాయి. అంతకుముందు లేవు. వచ్చినప్పుడు చూడలేదు, ఉన్నప్పుడు చూశాను. మట్టి రంగు, ముఖమల్ గుడ్డ కొనలాగా మెత్తగా, లావుగా. తర్వాత ఇంకో రెండు. పిల్ల గడ్డిపోచను అంచు దారానికి ఇట్లా తగిలించింది, తగిలిందో లేదో అన్నట్టు. నాలుగు కాళ్లూ ఒక్కసారి ముందుకొచ్చి పోచ మీద పడ్డాయి. టార్చ్ వెలుగులో వీపు పెంకు, దాని కింద కోరల మొదళ్లు రెండు ముందుకు పొడుచుకుని ఉండటం చూశాను. మొదటి రోజు పిల్ల పిడికిళ్లు ఎట్లా పెట్టిందో అచ్చం అట్లాగే. మరుక్షణం బొక్క ఖాళీ.

"తవ్వి తీద్దామా?" అన్నాడు పెద్దాయన, మర్యాదకు.

"వద్దు!" అని ముగ్గురం అరిచాం, నాతో సహా. తవ్వితే ఆ బొక్క మళ్లీ దానికి దక్కదు. ఆడదైతే ఏళ్లుగా కట్టుకున్న ఇల్లు అది.

వెనక్కి వస్తుంటే మేఘన బొక్క కింద గడ్డిలో ఏదో ఏరింది. చచ్చిన సాలీడు అనుకున్నాను. కుబుసం. విడిచాక అది బొక్క బయటికి తోసేస్తుంది. నలిగి, ఉండ చుట్టుకుని, కొబ్బరిపీచు ముద్దలాగా ఉంది. నా కళ్లజోడు పెట్టెలో పెట్టుకుని వచ్చాం.

రాత్రి పదకొండింటికి వంటింట్లో అసలు పని మొదలైంది. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క, అందులో కుబుసం. పావుగంటలో మెత్తబడింది. కిరణ్ పళ్లు కుట్టుకునే పుల్లలతో కాళ్లు ఒక్కోటీ విప్పి పరిచాడు, ఇస్త్రీకి ముందు చొక్కా చేతులు సర్దినట్టు. వీపు పెంకు మూతలాగా విడిపోయి ఒక అంచున వేలాడుతోంది. సాలీడు దాంట్లోంచే బయటికి వచ్చింది. కోరలు నల్లగా, గులాబి ముల్లంత, తళతళలాడుతూ. ఒంటి కుబుసంతో పాటు అవి కూడా ఊడి కొత్తవి వస్తాయంట. పాదాల కింద టార్చ్ వేస్తే వెంట్రుకలు పట్టుగుడ్డలా మెరిశాయి.

పొట్ట చర్మం కాగితం కన్నా పలచన. దాన్ని లోపలి వైపుకు తిప్పి బావ నాణేలు చూసే భూతద్దం పెట్టాం. నాలుగు తెల్లటి మచ్చలు, రెండు జతలు, చిన్న చిన్న కవరు మూతల్లాగా. పుస్తకంలో పేజీల మాదిరి మడతలుండే ఊపిరితిత్తుల గుర్తులు. టరాంటులాలకు, వాటి దగ్గర చుట్టాలకు నాలుగుంటాయి. మన ఇంటి సాలీళ్లకు సాధారణంగా రెండే. "నాలుగు. కన్ఫర్మ్" అంది మేఘన. పై జత మధ్య చిన్న మడత లాంటిది కనపడితే ఆడది. ఆ చోటే నలిగి చిరిగిపోయి ఉంది. పిల్ల చాలాసేపు చూసి, భూతద్దం దించేసింది.

ఏ జాతి అని అడిగాను. చెట్టు మీది పోసిలోథీరియా కాదు. వాటికైతే ముందు కాళ్ల అడుగున పసుపు, నలుపు పట్టీలుంటాయి. అసలు పోసిలోథీరియాల్లో జాతుల్ని పై రంగును బట్టి కాక కాళ్ల కింద పట్టీల్ని బట్టే తేలుస్తారు. బొమ్మల్లో అందరూ మా ఊరిదాని నీలం వీపే వేస్తారు, గుర్తుపట్టేవాళ్లు మాత్రం వెల్లకిలా తిప్పి చూస్తారు. దీని కాళ్ల కింద అంతా ఒకటే మట్టి రంగు. బొక్క నేలలో ఉంది. నేల టరాంటులా అన్నంతవరకు ఖాయం. ఆపైన పేరు కావాలంటే పూర్తి నమూనా, మైక్రోస్కోప్ ఉండాలి. ఫోటో చూసి ఎవరైనా టక్కున పేరు చెబితే నమ్మొద్దంది పిల్ల.

"అదంతా సరే" అని వెనక నుంచి అక్క గొంతు. "ఆ ప్లేటు ఎవరిదనుకున్నారు? రేపు పొద్దున మీ బావ ఇడ్లీ తినేది దాంట్లోనే." ప్లేటు మూడుసార్లు తోమాను. ఇప్పటికీ అది పైఅరలో విడిగా ఉంటోందంట.

ఐదో రోజు

కుబుసం ఆరింది. మేఘన దాన్ని దూది పరిచిన స్వీటు డబ్బాలో పెట్టి, లోపల చీటీ పెట్టమని నాకు అప్పగించింది. చీటీ తెలుగులో నేనే రాశాను. చోటు: నంది కొండల కింద ద్రాక్షతోట, కాలువగట్టు, తూర్పు ముఖం. తేదీ. బొక్క మూతి: స్కేలుతో రెండున్నర సెంటీమీటర్లు. వాన పడి మూడో రోజు. పేరు దగ్గర ఏం రాయాలని అడిగితే, "గీత గీసి వదిలెయ్" అంది.

మధ్యాహ్నం రైలు. కిరణ్ స్టేషన్ దాకా వచ్చి, గుత్తి నీలం సాలీళ్లను అమెరికాలో డబ్బాల్లో పెట్టి అమ్ముతారని చెప్పాడు. అక్కడ పెంచి అమ్మేవే చాలావరకు. అయినా 2019లో ఈ పోసిలోథీరియాలన్నిటినీ అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలుండే సైటిస్ జాబితాలో చేర్చారు. అడవిలో వాటికి అసలు చిక్కు వంటచెరుకు. అవి ఉండేది ముదురు చెట్ల తొర్రల్లో, ముందు కొట్టేసేది కూడా ఆ చెట్లనే.

గుత్తిలో దిగేసరికి ఇంకా వెలుగుంది. ఇంటికి పోకుండా ప్లాట్‌ఫారమ్ చివరిదాకా నడిచాను. మేఘన ఒక ఫోటో అడిగింది: యార్డులో దుంగలు పేర్చే చోటు. అది ఎక్కడుండేదో ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు మద్ది చెక్క స్లీపర్లు ఇంకా కొన్ని పట్టాల కింద ఉండేవి. ఎండలో వాటి తారు వాసన వచ్చేది. ఇప్పుడన్నీ కాంక్రీటువే. ఒక వరస పేర్చిన కాంక్రీటు స్లీపర్లు కనపడితే, వాటిని ఫోటో తీశాను. ఈసారి పక్కన నా కళ్లజోడు పెట్టె పెట్టి తీశాను, కొలత తెలియాలని. కింద ఊరు, తేదీ, టైము రాసి పంపాను.

రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. "తాతా, రెండో వరసలో ఎడమ పక్క సందులో ఏదో గూడు ఉంది. దగ్గరికెళ్లి ఇంకోటి తియ్యి."

వెళ్లాను.